రెండు వేళ్ళతో గిటారు

వీణ వాయించేవారి ఎడమచేతిని ఎప్పుడైనా పరకాయించి చూశారా? పాట వింటూ తల వూపడమే గాని చేతివంక చూసే తీరిక ఎవరికి వుంటుంది! ఈసారి కచేరీకి వెళ్ళినప్పుడు ముందు వరసలో కూర్చుని చూడండి. మెట్లమీద పరుగులు తీసేదీ, తీగను పక్కకు లాగి గమకం పలికించేదీ ముఖ్యంగా రెండే వేళ్ళు: చూపుడువేలు, నడిమివేలు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారూ, ఆయన దగ్గర నేర్చుకున్న కాకినాడ బిడ్డ చిట్టిబాబుగారూ దేశమంతటా పేరు తెచ్చుకున్నది ఆ రెండు వేళ్ళ చలవతోనే. మిగిలిన రెండూ పెళ్ళికి వచ్చిన దూరపు చుట్టాల్లా పక్కన వుంటాయి.

గిటారు సంగతి వేరు. అక్కడ బొటనవేలు మెడ వెనక దన్నుగా వుంటే, తక్కిన నాలుగు వేళ్ళకూ చేతినిండా పనే. ఒకేసారి మూడు నాలుగు తీగలు నొక్కి పట్టాలి. ఒక్క వేలు సోమరితనం చేసినా స్వరం బొంగురుపోతుంది. అందుకే గిటారు వాయించే కుర్రవాడికి ఎడమచేతి వేలు తెగిందంటే, ఇంట్లోవాళ్ళు “పోనీలే, కుడిచెయ్యి క్షేమంగా వుంది, అన్నం తింటాడు, రాసుకుంటాడు” అని ధైర్యం చెప్పుకుంటారు గాని, వాడు మాత్రం గోడకు తగిలించిన వాద్యంవంక చూడలేక మొహం తిప్పుకుంటాడు.

మన గోదావరి డెల్టాలో చేతులకు వచ్చే ఆపదలు తక్కువేమీ కావు. కోతల్లో కొడవలి, కళ్ళాల్లో నూర్పిడి యంత్రం, రైసుమిల్లులో బెల్టు, దీపావళినాడు చేతిలోనే పేలిన టపాకాయ. కోనసీమలో కొబ్బరికాయ వలిచే మనిషిని చూడండి. నేలలో నిలువుగా పాతిన ఇనప గునపం మొనమీదికి కాయను రెండు చేతులతో బలంగా దించి, మెలితిప్పి, డొక్క వూడదీస్తాడు. రోజుకు వందల కాయలు. గురి అంగుళం తప్పితే ఆ మొన దిగేది అరచేతిలోకే. ఇదే నేలమీద ఆదివారం చర్చిలోనూ, పెళ్ళిపందిట్లో ఆర్కెస్ట్రాలోనూ, కాలేజీ వార్షికోత్సవంలోనూ గిటార్లు మోగుతున్నాయి. కనుక దెబ్బతిన్న చెయ్యి మళ్ళీ గిటారు పట్టగలదా అన్న ప్రశ్న మనకు పరాయిది కాదు. కాని దానికి జవాబు చెప్పినవారిలో అందరికన్నా పేరుపడ్డ మనిషి కథ మాత్రం పారిస్ శివార్లలో జరిగింది.

కాగితం పూల మంటలు

అతని పేరు జాంగో రైన్‌హార్ట్. 1910 జనవరి 23న బెల్జియంలో లిబెర్షీ అనే గ్రామం దగ్గర, గుర్రం లాగే ఇల్లులాంటి బండిలో పుట్టాడు. వాళ్ళది సంచారజాతి. మన వూళ్ళ పొలిమేరల్లో గుడారాలు వేసుకుని నాలుగు రోజులుండి వెళ్ళిపోయేవారిలాగే వాళ్ళూ యూరప్ అంతా తిరుగుతూ, బుట్టలల్లీ, గుర్రాలమ్మీ, పాటలు వాయించీ పొట్టపోసుకునేవారు. బడి మొహం చూసి ఎరగడు. స్వరలిపి చదవడం జీవితాంతం రాలేదు. కాని పన్నెండు పదమూడేళ్ళకే పారిస్ నృత్యశాలల్లో బాంజో వాయించి డబ్బు తెచ్చేవాడు. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి పెళ్ళయింది. జాక్ హిల్టన్ అనే ఇంగ్లీషు బృందనాయకుడు తన దగ్గర చేరమని అడిగాడు కూడాను.

అంతలో 1928లో ఒక రాత్రి కచేరీ ముగించుకుని ఇంటికి, అంటే బండికి, వచ్చాడు. అమ్మకానికని భార్య కాగితంతోనూ సెల్యులాయిడ్‌తోనూ చేసిన పూలు బండినిండా వున్నాయి. చేతిలోని కొవ్వొత్తి నిప్పు వాటికి అంటుకుంది. సెల్యులాయిడ్ అంటే తెలుసుగా, పాత సినిమా ఫిల్ము చేసేది దానితోనే. నిప్పు తగిలితే చాలు భగ్గుమంటుంది. భార్యాభర్తలిద్దరూ బయటపడ్డారు. జాంగో ఒక దుప్పటి అడ్డం పెట్టుకుని మంటల్లోంచి వచ్చాడు. కుడికాలు కాలిపోయింది. దుప్పటి పట్టుకున్న ఎడమచెయ్యీ కాలింది.

కాలు తీసెయ్యాలన్నారు డాక్టర్లు. తీయించుకోనన్నాడు. ఆ కాలు దక్కింది. మొదట కర్రసాయంతో నడిచినా తరవాత మామూలుగానే నడిచాడు. చెయ్యి సంగతి అలా కాలేదు. ఎడమచేతి ఉంగరపువేలూ, చిటికెనవేలూ అరచేతివైపు ముడుచుకుపోయి అలాగే బిగుసుకున్నాయి. బాంజో విద్వాంసుడి కథ అక్కడితో సరి అనుకున్నారంతా. తమ్ముడు జోసెఫ్ మాత్రం ఒక గిటారు తెచ్చి మంచంమీద పెట్టాడు.

ఆ తమ్ముడిని గురించి పుస్తకాలు ఎక్కువగా రాయవు. రాయవలసింది. అన్నకు చెయ్యి కాలి పడివుంటే, మందో పండో తెచ్చేవాళ్ళు చాలామంది వుంటారు. వాద్యం తెచ్చి ఒళ్ళో పెట్టేవాడు ఒక్కడుంటాడు. తరవాత రోజుల్లో అన్న ముందు వాయిస్తుంటే వెనక తాళం తప్పకుండా గిటారు మీటుతూ కూర్చున్నవాడు కూడా ఈ తమ్ముడే.

సుమారు ఏడాదిన్నరపాటు జాంగో ఆ గిటారుతో కుస్తీ పట్టాడు. నాలుగు వేళ్ళవాళ్ళ పద్ధతి తనకు పనికిరాదు. గిటారు నేర్చుకునేవాళ్ళు సాధారణంగా చేతిని ఒకచోట నిలిపి, నాలుగు వేళ్ళతో ఆ తీగమీంచి ఈ తీగమీదికి అడ్డంగా పోతారు. అతనికున్నవి రెండు. కనుక చేతినే పొడుగునా పైకీ కిందికీ పరిగెత్తించాడు. చూపుడువేలు, నడిమివేలు; చూపుడువేలు, నడిమివేలు. మన వీణ చెయ్యి చేసే పని కూడా ఇంచుమించు ఇదే కదా! వేల మైళ్ళ దూరాన, వీణ పేరైనా విని వుండడనిపించే మనిషి, అవసరం తరుముతుంటే మన విద్వాంసుల దారిలోకి వచ్చిపడ్డాడు. ముడుచుకుపోయిన రెండు వేళ్ళనూ వూరికే కూర్చోనివ్వలేదు. మేళవింపు స్వరాలు పట్టవలసినచోట వాటి కొసలను చివరి సన్నతీగలమీద ఆనించి పని చేయించాడు.

1934లో పారిస్‌లో అతనూ, స్తెఫాన్ గ్రాపెల్లి అనే ఫిడేలు విద్వాంసుడూ కలిసి ఒక పంచవాద్య బృందం పెట్టారు. మూడు గిటార్లు, ఒక ఫిడేలు, ఒక పెద్ద బేస్ వాద్యం. డప్పు లేదు, ఊదే వాద్యం లేదు. జాజ్ సంగీతమంటే అమెరికావాళ్ళ సొత్తు అనుకునే రోజుల్లో యూరప్ గడ్డమీద పుట్టిన సొంత బాణీ అది. 1939లో యుద్ధం వచ్చినప్పుడు గ్రాపెల్లి లండన్‌లో ఉండిపోయాడు, జాంగో పారిస్ చేరాడు. హిట్లరు ప్రభుత్వం ఆ సంచారజాతివాళ్ళను వేటాడి చంపుతున్న కాలం. ఆ చీకట్లోనే 1940లో ‘మేఘాలు’ అని అర్థం వచ్చే పేరుతో అతను కట్టిన పాట ఫ్రాన్సంతా పాడుకున్నారు. 1946లో డ్యూక్ ఎలింగ్టన్ బృందంతో అమెరికా తిరిగాడు. 1953 మే 16న, నలభైమూడేళ్ళకే పోయాడు.

చివరి రోజున జరిగింది

జాంగో పోయిన పన్నెండేళ్ళకు, 1965లో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రవాడు రేకుల కార్ఖానాలో పని మానేస్తున్నాడు. గిటారు బృందంలో చేరి యూరప్ వెళ్ళాలని వాడి ఉబలాటం. ఆ రోజే ఆఖరు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి, ఇక వెళ్ళనన్నాడు. తల్లి ఒప్పుకోలేదు, ఒప్పుకున్న పని పూర్తిచేసి రమ్మంది. ఏ వూరి తల్లయినా అదే అంటుంది. తిరిగి వెళ్ళాడు. రేకులు నొక్కే యంత్రం దగ్గరి మనిషి రాలేదని వాణ్ణి అక్కడ నిలబెట్టారు. యంత్రం కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు లాగేసుకుంది.

కుడిచెయ్యే కదా అనకండి. వాడు ఎడమచేతివాటం వాడు; తీగలు నొక్కేది కుడిచేత్తోనే. ఇక గిటారు మరిచిపొమ్మన్నారు వైద్యులు. దిగాలుపడి కూర్చున్నవాడి దగ్గరికి కార్ఖానా మేస్త్రీ ఒక గ్రామఫోను రికార్డు పట్టుకొచ్చాడు. వినడానికి వాడు ఇష్టపడలేదు. బలవంతాన వినిపించి, “ఇది వాయించినవాడికి ఎడమచేతిలో రెండు వేళ్ళే పనిచేస్తాయి” అన్న సంగతి చెప్పాడు. ఆ రికార్డు జాంగోది!

తరవాత అయోమీ చేసినవన్నీ కంసాలి పనులు. సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసా కరగబెట్టి, ఉండచేసి, వేలికొసకు సరిపడే తొడుగులు మలుచుకున్నాడు. తీగ జారిపోతుంటే పాత తోలుకోటు ముక్క అంటించాడు. తొడుగులోంచి తీగ తగిలిందో లేదో తెలియదు గనుక చెవిని నమ్ముకున్నాడు. మందపు తీగలు నొప్పి పెడితే సన్నని బాంజో తీగలు కట్టాడు. ఆ రోజుల్లో గిటారుకు అంత సన్నని తీగలు దొరికేవి కావు. అవీ కష్టమైతే శ్రుతి తగ్గించి తీగలు వదులు చేశాడు. అలా వదులు చేసిన తీగల్లోంచి వచ్చిన బరువైన, చీకటి గొంతులాంటి నాదమే అతని బ్లాక్ సబ్బాత్ బృందానికి పేరు తెచ్చింది. మొదటి రికార్డు 1970లో వచ్చింది. 2025 జులై 5న సొంత వూళ్ళో జరిగిన వీడ్కోలు కచేరీలో, డెబ్భైఏడేళ్ళ వయసులో, ఆ తొడుగులతోనే వాయించాడు. ఆ సంగీతం నా చెవికి పట్టదు, అది వేరే మాట. తొడుగుల తెలివి మాత్రం మెచ్చుకోక తప్పదు.

చేంతాడూ, గిలకా

ఇక మన వేలు సంగతికి వద్దాం. వేలు తెగితే మనవాళ్ళు “నరం తెగింది” అని ఒక్కమాటతో తేల్చేస్తారు. నిజానికి అక్కడ తెగేవి రెండు రకాలు. ఒకటి స్పర్శ తెలిపే అసలు నరం. రెండోది వేలిని లాగే స్నాయువు, అంటే తాడు. వేళ్ళను వంచే, చాచే పెద్ద కండరాలు వేళ్ళలో లేవు. మోచేతికీ మణికట్టుకూ మధ్య వున్నాయి. గిటారు నొక్కుతున్నప్పుడు కుడిచేత్తో ఎడమ ముంజేతిని పట్టుకు చూడండి, లోపల కదలిక తెలుస్తుంది. అక్కడినుంచి తాళ్ళు వచ్చి వేళ్ళను లాగుతాయి. బొటనవేలు కాక తక్కిన ప్రతి వేలినీ వంచడానికి రెండేసి తాళ్ళు. అవి వేలి ఎముకను అంటిపెట్టుకుని వుండేందుకు దారి పొడుగునా గిలకల్లాంటి కట్లు వున్నాయి.

నూతి దగ్గర చేంతాడు తెగితే ఏం చేస్తాం? ముడివేస్తాం. ఆ ముడి గిలకలోకి రాగానే ఇరుక్కుంటుంది. వేల్లో జరిగేది సరిగ్గా అదే. తెగిన స్నాయువును కుడితే, కుట్టినచోట లావెక్కి, చుట్టూ వున్న గొట్టానికి అతుక్కుపోతుంది. అరచేతిలో వేళ్ళ మొదలుకు దగ్గరగా వుండే మడత మొదలు వేలి నడిమి ఎముక మధ్యదాకా వున్న జాగా మరీ పెంకిది. స్టెర్లింగ్ బన్నెల్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు దానికి యుద్ధరంగంలో రెండు సైన్యాల మధ్య ఎవరూ అడుగుపెట్టని నేల పేరు పెట్టాడు. అక్కడ తెగితే వెంటనే కుట్టవద్దు, గాయం మానాక వేరేచోటినుంచి తాడు తెచ్చి వేయండి అనేవారు. 1967లో లూయీవిల్ వైద్యుడు హెరాల్డ్ క్లైనర్ట్ బృందం ఆ మాట తిరగరాసింది. వెంటనే కుట్టి, గోటికి రబ్బరుబాండు కట్టి, రెండో కొస మణికట్టు దగ్గర తగిలించారు. రోగి వేలిని తనంతట తాను చాస్తాడు. వంచే పని రబ్బరు చేస్తుంది. తాడుమీద బరువు పడదు, కాని తాడు కదులుతూ వుంటుంది. కదిలే తాడు అతుక్కోదు.

మన దక్షిణాదికి కూడా ఈ చరిత్రలో పెద్ద పీట వుంది. కొల్లిమలలో పుట్టి, 1946లో వెల్లూరు చేరిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠువ్యాధితో కొంకర్లుపోయిన చేతులకు బలంగా వున్న కండరపు తాడును పడిపోయిన వేలికి మార్చి కట్టి, అవి మళ్ళీ పట్టుకునేలా చేశాడు. చేతి శస్త్రచికిత్స నేర్చుకోవడానికి ప్రపంచం నలుమూలలనుంచీ వెల్లూరు వచ్చారు. అయోమీ వేలికొసలు పోయిన ఆ 1965లోనే, జపానులోని నారాలో కొమాత్సు, తమాయ్ అనే ఇద్దరు వైద్యులు పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని అతికించి రక్తం పారించారు. ఈ రోజుల్లో పెద్ద ఆసుపత్రుల్లో ఇది జరిగే పనే. కాని తెగినవేలు ఆసుపత్రికి చేరేదాకా దాచడం ఇంట్లోవాళ్ళ చేతిలో వుంది: తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, ఆ సంచిని మంచుముక్కలమధ్య పెట్టాలి. వేలు నేరుగా మంచుకు తగలకూడదు. గాయంమీద కాఫీపొడి, సున్నం వగైరా గృహవైద్యాలు వద్దు. గుడ్డతో నొక్కిపట్టి చెయ్యి పైకెత్తి తీసుకుపోవాలి. ఉంగరం వుంటే వాపు రాకముందే తీసెయ్యాలి.

మళ్ళీ వాద్యం పట్టేదెప్పుడు?

కుట్టిన స్నాయువు మొదటి రెండు వారాల్లో చాలా బలహీనం. సుమారు ఆరు వారాలు చెక్కకట్టులాంటి ఆధారంలో వుంచి, వైద్యుడు చెప్పిన కదలికలు మాత్రమే చేయిస్తారు. గట్టిగా పట్టడం, నొక్కడం పన్నెండు వారాలు దాటాకే. అసలు నరం ఇంకా నిదానస్తుడు. కుట్టిన చోటినుంచి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు దగ్గర తెగితే వేలికొస చేరేసరికి ఆరు నెలలు. “ఇంకా తిమ్మిరిగానే వుంది, ఇక రాదు” అని మూడో నెలలో కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళకు ఈ లెక్క చెప్పేవాళ్ళు కావాలి.

ఈ నెలలన్నీ ఏం చేయాలి? ఇక్కడ పాలకొల్లు కథ ఒకటి అక్కరకొస్తుంది. 1969లో అక్కడ పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు ఆయన. తమాషా ఏమిటంటే గురువుగారికి మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగమీద వెతుక్కుని పలికించేవాడు. అంటే పాట ముందు చెవిలోకీ గొంతులోకీ వచ్చి, ఆ తరవాతే వేళ్ళలోకి దిగింది. చెయ్యి కట్టులో వున్నవాడు చేయగలిగింది ఇదే. రోజూ పాడుకోవాలి; కళ్ళు మూసుకుని ఏ మెట్టుమీద ఏ వేలు పడుతుందో మనసులో వాయించుకోవాలి. ఇది ఉత్త ఓదార్పు కాదు. 1995లో ప్రకటించిన ఒక ప్రయోగంలో పాస్కువల్ లియోన్ అనే వైద్యుని బృందం కొందరిచేత ఐదు రోజులు పియానో వేళ్ళ కదలికలను కేవలం మనసులోనే సాధన చేయిస్తే, మెదడులో ఆ వేళ్ళను నడిపించే భాగం నిజంగా వాయించినవారిలో లాగే మార్పు చెందింది.

డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టేవారికి కొన్ని చిన్న మాటలు. వేలికొసన కాచిన కాయలన్నీ ఈపాటికి పోయివుంటాయి. కొత్తగా నేర్చుకునేవాడిలా మళ్ళీ నొప్పి పుడుతుంది, దానికి బెదరవద్దు. కీలులోపల పోటు పుడితే మాత్రం ఆపాలి. ఉక్కుతీగల గిటారును పక్కన పెట్టి నైలాన్ తీగలది పట్టండి. ఉక్కుతీగలు ఆరూ కలిసి గిటారు మెడను డెబ్భై కిలోలకు పైగా లాగుతుంటాయి. నైలాన్‌వి నలభై కిలోల చిల్లర. అంత తేడా వేలికీ తెలుస్తుంది. శ్రుతి ఒక మెట్టు తగ్గించండి. రెండో మెట్టు దగ్గర కేపో బిగిస్తే తీగ ఎత్తు తగ్గుతుంది, మెట్లూ దగ్గరవుతాయి. ఐదు నిమిషాలు వాయించి దించెయ్యండి. సాయంత్రం ఇంకో ఐదు నిమిషాలు. పట్టుదల పేరుతో గంటలు గంటలు చెయ్యి హింసించినవాళ్ళకు మేలు జరిగిన దాఖలా తక్కువ. పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్ కుడిచేతి చివరి రెండు వేళ్ళు 1960లలో వాటంతటవే ముడుచుకోవడం మొదలైనప్పుడు, ఇంకా ఎక్కువ సాధనతో లొంగదీద్దామని చూశాడు. లొంగలేదు సరికదా, ఇంకా ముదిరింది. అది మెదడునుంచి వచ్చే జబ్బు. ముప్పై ఏళ్ళు ఎడమచేతి రచనలు వాయిస్తూ, వాద్యబృందాలు నడుపుతూ గడిపి, ఇంజక్షన్లు వచ్చాకే 1990లలో రెండు చేతులతో మళ్ళీ కూర్చోగలిగాడు.

వేళ్ళు ఇక నొక్కలేవని తేలిపోయినవారికి కూడా దారి వుంది. గిటారును ఒళ్ళో పడుకోబెట్టి, ఎడమచేత్తో ఉక్కుకడ్డీని తీగలమీద జారుస్తూ వాయించే హవాయి పద్ధతి. మన గోటువాద్యానికి చుట్టరికం. అక్కడ వేలు మెట్టుమీద నొక్కనక్కరలేదు, కడ్డీ పట్టుకుంటే చాలు. గమకాలకు ఇదే ఎక్కువ వీలు కూడాను. ఆ పద్ధతినే కచేరీ వాద్యం చేసి బ్రిజ్‌భూషణ్ కాబ్రా, తరవాత విశ్వమోహన్ భట్ హిందుస్తానీ సంగీతం వాయించారు. భట్‌గారికి 1994లో గ్రామీ బహుమతి వచ్చింది.

జాంగో చివరి రోజులు గడిపిన సెన్ నదీతీర గ్రామం సామ్వాలో అతని పేరిట 1968లో ఒక ఉత్సవం మొదలైంది. అతని బాణీ నేర్చుకునే కుర్రవాళ్ళు ఇప్పుడు దేశదేశాలా వున్నారు. పది వేళ్ళూ నిక్షేపంగా వున్నవాళ్ళు. వాళ్ళలో కొందరు సాధనకు కూర్చునేముందు ఉంగరపువేలూ చిటికెనవేలూ మడిచి, ఆ పరుగులు రెండు వేళ్ళతో ఎలా వస్తాయో చూద్దామని గంటలకొద్దీ తంటాలు పడుతుంటారు.